పానపాత్ర లోపల ‘గిల్టు’ అని రాయొచ్చా?

అనంతపురం అనువాదకురాలు: చర్చి పూజలో ఫాదర్‌కు సాయపడే పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాం. ఒక వాక్యం దగ్గర బండి ఆగింది: “పానపాత్ర లోపలి భాగానికి బంగారు గిల్టు ఉండవలెను.” గిల్టు అంటే మన చెవికి గిల్టు నగలే గదా! పూత అనాలా, తాపడం అనాలా? ఇంకోటి, పూజలో ద్రాక్షరసం పోసేదానికి ‘పానపాత్ర’ అనే పెద్ద మాట అవసరమా, ‘గిన్నె’ అంటే చాలదా?

కర్నూలు తెలుగు మాష్టరు: రెండోదాంతో మొదలుపెడతా తల్లీ. సంస్కృతంలో ‘పా’ అంటే తాగడం. దేనితో తాగుతామో అది పాత్రం. ఆ లెక్కన పానపాత్ర అనడం ‘నడిసెంటర్’ అన్నట్టే, చెప్పిందే మళ్లీ చెప్పడం. కానీ తెలుగులో పాత్ర వంటింట్లోకి దిగి అన్నం వండేదీ పులుసు కాచేదీ కూడా పాత్రే అయింది. అందుకే ముందు ‘పాన’ తగిలించక తప్పలేదు.

బైబిల్ సొసైటీ వాళ్ల పాత అనువాదం చూడు. కడరాత్రి భోజనంలో ప్రభువు ఎత్తినది లూకా 22:20లో ‘గిన్నె’, 1 కొరింథీ 11:25లో ‘పాత్ర’. గ్రీకులో రెండుచోట్లా ‘పొతేరియోన్’ ఒక్కటే. అనువాదకులకే నిలకడ లేదు, మనల్ని ఎవరు తప్పుపడతారు?

కడప ఉపదేశి: మాష్టరు గారూ, అర్థానికి గిన్నె తప్పు కాదు. కానీ పుస్తకం పీఠం దగ్గర నిలబడే పిల్లలది. అక్కడ ఫాదర్ వేళ్లు కడుక్కునే నీళ్ల గిన్నె ఒకటి ఉంటుంది. అప్పాలు, అంటే పూజలో పంచే రొట్టె బిళ్లలు, పెట్టే, మూత ఉన్న సిబోరియం ఇంకోటి. “గిన్నె తీసుకురా” అంటే పిల్లోడు ఏది తెస్తాడు? గిన్నెను చేతులు కడిగేదానికి వదిలేసి, ద్రాక్షరసానిది పానపాత్ర, అప్పానిది పళ్లెం అని విడదీయండి. పళ్లెం పానపాత్ర మూతి మీద కూర్చునేంత ఉంటుంది. పెద్ద పళ్లెం వాడినా దోషం లేదు.

భాగాల పేర్లు కూడా తేలిక మాటల్లోనే చెప్పొచ్చు: పైన కప్పు, కింద కాడ, కాడ మధ్యలో కణుపు, అడుగున పీట. కణుపు సింగారానికి కాదు, పట్టు జారకుండా. పిల్లలు కప్పు అంచు పట్టుకుని ఎత్తుతారు. అప్పుడు వేలిముద్రలు పడతాయి, భాగాలను బిగించే మరలు వదులవుతాయి. కణుపు దగ్గర ఒక చెయ్యి, పీట కింద ఒక చెయ్యి అని రాయండి.

ప్రొద్దుటూరు ఆచారి: గిల్టు మాటకొస్తే నేను జెప్తా అక్కా. తాపడం అంటే రేకు కొట్టి తొడగడం, గుళ్లో గోపురానికి జేస్తారే, అది. కప్పు లోపలికి తాపడం పనికిరాదు, రేకు సందులో రసం నిలబడిపోతాది. మా పనిలో పాత మాట మొలాము. బంగారాన్ని పాదరసంతో కలిపి పూసి, మంటమీద పెట్టి పాదరసం ఎగరగొట్టేవాళ్లు. ఆ పొగ విషం. ఇప్పుడు కరెంటు పెట్టి చేసేది ప్లేటింగు.

ఇత్తడి మీద నేరుగా బంగారం ఎక్కిస్తే కొన్నాళ్లకు లోపలి రాగి, యశదం (జింకు) పైకి పాకి మచ్చ గడ్తాది. అందుకే మధ్యలో నికెల్ పొర వెయ్యాల. ఇంకోటి, మరలు ఇప్పి కప్పును ఇడిగా పంపియ్యాల. మొత్తం ముంచితే మర సందుల్లోకి ప్లేటింగు నీళ్లు దూరి, తర్వాత ఊరతాయి. తాగే పాత్రకు అది మంచిది గాదు.

కర్నూలు తెలుగు మాష్టరు: మొలాము! బాగా గుర్తుచేశావు ఆచారీ. ఉర్దూ ‘ములమ్మా’ నుంచి వచ్చింది. మన జిల్లాల్లో కంసాలి నోట బతికిన మాట. కానీ ఈ పిల్లలకు తెలియదు. ‘బంగారు పూత’ అనేద్దాం. గిల్టు మాత్రం వద్దు. ఇంగ్లీషులో దానికి పూత అనే అర్థం, తెలుగులోకి వచ్చేసరికి ‘బంగారం కానిది’ అయి కూర్చుంది.

అనంతపురం అనువాదకురాలు: అసలు పూత ఎందుకో కూడా ఒక వాక్యం రాయాలి. వెండి, ఇత్తడి ఊరికే ఉంటే ఏమవుతుంది?

కడప ఉపదేశి: కలాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెట్టి చూడండి, పచ్చగా కిలుము పడుతుంది. ద్రాక్షరసంలోనూ పులుపు ఉంది, అదే కథ. తుప్పు పట్టే లోహమైనా, బంగారం కంటే తక్కువదైనా మామూలుగా లోపల పూత ఉండాలని పూజా నియమావళి మాట. కప్పు రసాన్ని పీల్చుకోకూడదు. గాజు, మట్టి, పగిలేవి ఏవీ వద్దని 2004లో రోము నుంచి వచ్చిన ఉత్తర్వు గట్టిగా చెప్పింది.

పూత పోయేది ఎక్కువగా రసంతో కాదు, మన తోమడంతో. చింతపండు, బూడిద, ఇత్తడి పొడి, పీచు ఇవన్నీ పండక్కి ముందు రోజు దాడి చేస్తాయి. తళతళలాడుతుంది నిజమే, ఆ తళతళ కింది ఇత్తడిది! గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క మెత్తటి సబ్బు, మెత్తటి నూలుగుడ్డ చాలు. వెంటనే తుడవాలి, తడి నిలవకూడదు.

కర్నూలు తెలుగు మాష్టరు: ‘పాత్ర’కు ఇంకో లాభముంది. సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే ఆ అప్పం, రసం, తీసుకునే ముందు అందరూ చెప్పేది బైబిల్లోని శతాధిపతి, అంటే రోమా సైన్యాధికారి, మాటే గదా. మత్తయి 8:8 పాత అనువాదంలో అది “పాత్రుడను కాను”. అపాత్రదానంలో ఉన్నదీ ఆ పాత్రే. పట్టుకోగలిగేది పాత్ర, తగినవాడు పాత్రుడు. ‘గిన్నె’కు ఈ చుట్టరికం లేదు.

సిబోరియం సంగతి కూడా వినండి. గ్రీకులో ‘కిబోరియోన్’ అంటే తామరజాతి మొక్క గింజల కాయ, ఆ ఆకారపు కప్పు. పిల్లలకు తామరకాయ బొమ్మ వేసి చూపించొచ్చు. సాంబ్రాణి పోసే డబ్బాను లాటిన్లో చిన్న పడవ అంటారు. ‘నావ’ అని మనమూ అనుకోవచ్చు, రెండు భాషల్లోనూ మాట దగ్గరే.

అనంతపురం అనువాదకురాలు: అయితే ఇలా రాస్తున్నా: “పానపాత్ర లోపల బంగారు పూత ఉంటుంది. పూజ అయ్యాక పిల్లలు దాన్ని శుద్ధి చేసి, తుడిచి, పెట్టెలో పెట్టాలి.”

కడప ఉపదేశి: ‘శుద్ధి’ తీసేయండమ్మా. మా వాడుకలో శుద్ధి వేరు, కడగడం వేరు. శుద్ధి అంటే సత్ప్రసాదం తర్వాత నీళ్లు పోసి తిప్పి, ఆ నీళ్లు తాగేయడం. అది ఫాదర్, డీకన్ (ఫాదర్ కంటే కింది మెట్టు గురువు), నియమితుడైన అకోలైట్ (పీఠ సేవకుడు) చేసేది. పిల్లల పని ఆ తర్వాతే. తుడిచిన చిన్న గుడ్డలు కూడా నేరుగా బట్టల్లో వేయకూడదు. ముందు నీళ్లలో జాడించి, ఆ నీళ్లు సాక్రారియంలో, అంటే నేరుగా మట్టిలోకి దిగే తొట్టిలో, పోయాలి, అది లేనిచోట ఎవరూ తొక్కని మట్టిలో. “ఫాదర్ శుద్ధి చేశాక పిల్లలు కడిగి, తుడిచి” అని మార్చండి.

ప్రొద్దుటూరు ఆచారి: పెట్టె లోపల గుడ్డ మెత్తగా ఉండాల అని గూడా రాయక్కా. రబ్బరు, ప్లాస్టిక్కు తగిలితే వెండి నల్లబడ్తాది.