సమస్యాపూరణం: "చచ్చినట్టి యింతి చంపె నతని"

నిర్వాహకుడు:
సభ్యులందరికీ నమస్కారం. రామాయణం ఉత్తరకాండ 17వ సర్గను మళ్ళీ చదువుతుండగా ఈ పాదం తోచింది, దీన్ని చివరి పాదంగా ఉంచి మిగిలిన మూడు పాదాలతో ఆటవెలదిని పూరించండి. హిమవత్పర్వత వనంలో ఒంటరిగా తపస్సు చేసుకొంటున్న కుశధ్వజుని కూతురు వేదవతి జుట్టును రావణుడు తాకినప్పుడు ఆమె అతనితో ఒక విచిత్రమైన మాట అంటుంది. పాపనిశ్చయుడైన పురుషుణ్ణి స్త్రీ చంపజాలదనీ, శపిస్తే తన తపస్సు ఖర్చైపోతుందనీ చెప్పి, అతని కళ్ళెదుటే అగ్నిలో ప్రవేశిస్తుంది. తన వల్ల కాదని ఆమె స్వయంగా చెప్పిన పనిని ఆమే చేసిందని మన పాదం అంటోంది కనుక, ఈ చిక్కును ఎవరెలా విప్పుతారో చూడాలని నా కుతూహలం. వేదవతి గురించే రాయాలన్న నిర్బంధం లేదు గాని, ఎదుట ఉన్నవాడు రాక్షసుడై ఉండాలి, అతని చేతికి చిక్కినవారి చివరి ధిక్కారం పద్యంలో వినబడాలి.

పినాకినీతీరం:

వేదవతిని బట్టి వేణి నీడ్వ దశాస్యుఁ
డగ్నిలోన దుమికె నాగ్రహించి
మఱల సీత యగుచు మహిఁ బుట్టి వైరియై
చచ్చినట్టి యింతి చంపె నతని.

ఓరుగల్లుకోట:
పినాకినీతీరంవారు పోయినసారి "ఈడ్చ" అని రాసి నాతో నాలుగు రోజులు వాదించి, ఈసారి చడీచప్పుడు లేకుండా "ఈడ్వ" అన్నందుకు ముందుగా నా అభినందనలు. అయితే మూలంలో ఈడ్వడమే లేదు. రావణుడు ఆమె జుట్టును చేతి కొనలతో తాకాడు, అంతే. ఆ మాత్రం తాకినందుకే ఆమె చేయి కత్తిగా మారి, అతడు ముట్టుకొన్న కురులను అక్కడికక్కడే తెగగోసింది. వాడు ముట్టినది తన ఒంటిమీద ఉండగూడదని ఆమె చేసిన ఆ పనిని వదిలిపెట్టి, లేని ఈడ్పును తెచ్చిపెట్టడం వల్ల ధిక్కారం పోయి జాలి మిగిలింది. పైగా రావణుణ్ణి కూల్చినది రాముని బాణం కదా, "చంపె" అన్న క్రియకు ఇంతి ఎలా కర్త అయిందో మీ పద్యంలో "వైరియై" అన్న ఒక్క మాట తప్ప సమాధానం లేదు. కథ సజావుగా నడిచింది, సమస్య మాత్రం విడలేదు.

పినాకినీతీరం:
ఓరుగల్లువారికి ఇంకొకరి పద్యాన్ని విప్పి చూపడంలో ఉన్న నేర్పు సొంత పద్యాన్ని అల్లడంలోనూ ఉందని నిరూపించుకొనే అవకాశం ఇదిగో వచ్చింది, వారి పూరణ కోసం ఎదురుచూస్తున్నాను.

ఓరుగల్లుకోట:

కురులఁ దాఁకినంత కరమె ఖడ్గము కాఁగఁ
గోసి జుట్టు విసరెఁ గోపమునను
మాట విత్తి పోయె మఱుజన్మమునఁ బండి
చచ్చినట్టి యింతి చంపె నతని.

తుంగభద్ర:
మొదటి పాదంలో "కు"కూ "క"కూ యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ ఒక అక్షరం కలవడం) ఎక్కడ కుదిరిందో ఓరుగల్లువారు సెలవియ్యాలి. ఇతరుల "ఈడ్వ"లను భూతద్దంతో చూసేవారి ఇంట్లోనే స్వరమైత్రికి (అచ్చుల పొంతనకు) దిక్కు లేకపోవడం వింతగా ఉంది. అది చాలదన్నట్టు మూడవ పాదంలో భిన్నకర్తృకం దొర్లింది. పండినది మాట, చంపినది ఇంతి. "పండి"కి ఒక కర్త, "చంపె"కు ఇంకొక కర్త అయితే అన్వయం ఎలా కుదురుతుంది?

నాగావళి:
తుంగభద్రగారూ, నేను ఈ గుంపుకు కొత్తదాన్ని, చనువు తీసుకొంటున్నానని అనుకోవద్దు. అక్కడ వేసినది ప్రాసయతి కదండీ, మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలు కలవడం. "కురు", "కర" రెండింటిలోనూ రెండవ అక్షరం రేఫమే, ముందున్నవి రెండూ లఘువులే, కనుక ఆటవెలదిలో దానికి అడ్డు లేదు.

ఓరుగల్లుకోట:
నాగావళమ్మా, నా పని నువ్వు చేసిపెట్టావు, చల్లగా ఉండు. ఇక రెండవ ఆక్షేపణ సంగతి. తుంగభద్రవారు దోషమని చూపిన చోటనే నా పూరణ ఉంది. శపిస్తే తపస్సు వ్యయమవుతుందన్న వేదవతి శాపం ఇవ్వలేదు, కత్తిగా మారిన చేతిని రావణుని మీదికి ఎత్తలేదు, ఆ కత్తితో తన జుట్టు మాత్రమే కోసుకొంది, తరువాత ఒంటిని కూడా నిప్పుకు ఇచ్చేసింది. ఇవన్నీ పోయాక ఆమె దగ్గర మిగిలినదల్లా, నీ చావు కోసం మళ్ళీ పుడతానన్న మాట ఒక్కటే. ఆ క్షణం నుంచి మాట వేరు, ఇంతి వేరు కాదు. పండినదీ చంపినదీ ఒకరే కనుక కర్త కూడా ఒకరే. విత్తిన మాట జనకుని నాగటిచాలులో మొలిచిందని నేను వేరే చెప్పనక్కరలేదు, అగస్త్యుడు రామునితో ఆ మాటే అన్నాడు.

తుంగభద్ర:
సమర్థన పద్యం కన్న బాగుంది, పద్యంలో లేనిదంతా సమర్థనలో ఉంది. అందరూ వేదవతి వెంటే పడ్డారు గనుక నేను దారి మార్చాను. "చచ్చినట్టి" అంటే నిజంగా చచ్చినది అనే ఎందుకు అనుకోవాలి? చచ్చినట్లు కనబడినది అనుకొని చూడండి.

మాయసీతఁ గోసి మారుతి యెదుట నిం
ద్రజితుఁ డరిగె మఖము దలఁచి, గుట్టు
పిన్నతండ్రి చెప్ప బెడిసె నా హోమమ్ము;
చచ్చినట్టి యింతి చంపె నతని.

మంజీర:
తుంగభద్రగారికి సాష్టాంగ నమస్కారం. నికుంభిలలో హోమం ముగిసేదాకా వానరులను ఏడుపులో ముంచి ఉంచడానికి ఇంద్రజిత్తు రథం మీద మాయసీతను నరికితే, ఆ నరుకుడే విభీషణునికి ఆనవాలై, లక్ష్మణుణ్ణి సరాసరి హోమస్థలానికి నడిపించింది. తాను చేసిన బొమ్మే తన ప్రాణం తీసిందనడం గొప్ప విరుపు. అంబ కథతో నా ప్రయత్నం కూడా చిత్తగించండి, బీభత్సుడంటే అర్జునుడు.

కాశి రాచపట్టి కసిఁ గాల్చె దేహమున్
ద్రుపదు నింటఁ బుట్టెఁ దోయజాక్షి
భీష్ముఁ గూల్చెఁ బోర బీభత్సు ముందుండి
చచ్చినట్టి యింతి చంపె నతని.

నిర్వాహకుడు:
మంజీరగారూ, ధార బాగుంది గాని భీష్ముడు రాక్షసుడు కాడు. యుద్ధం నాటికి, అంబ మరుజన్మమైన శిఖండి స్థూణాకర్ణుడనే యక్షుని దగ్గర మగతనం తెచ్చుకొన్నాడు కనుక "ఇంతి" అన్న మాట నిలవదు. మూడవ పాదంలోనే భీష్ముణ్ణి కూల్చేశాక నాలుగవ పాదానికి చంపడానికి ఎవరూ మిగలలేదు.

ఓరుగల్లుకోట:
మాయసీత విరుపు చమత్కారమే, కాదనను. కాని నిర్వాహకులు అడిగిన ధిక్కారం అందులో ఎక్కడుంది? రథం మీద ఆ బొమ్మ "రామ రామ" అని ఏడ్చింది, ఆ ఏడుపు కూడా ఇంద్రజిత్తు మాయతో కల్పించి పెట్టినదే. తనకంటూ ఒక ఇష్టం లేని బొమ్మ ఎవరిని ధిక్కరిస్తుంది? తుంగభద్రవారికి విరుపు దొరికితే చాలు, విషయం తరువాత సంగతి.

నాగావళి:
పెద్దల మధ్య నా పద్యం కూడా ఉంచుతున్నాను, తప్పులుంటే దిద్దండి. చంపడానికి గడువు పెట్టాక బతికి ఉన్నా చచ్చినట్టే కదా అన్న ఊహతో రాశాను.

గడ్డిపరక నడుమఁ గాపుగా నిడి సీత
తృణముగాఁ దలంచె దితిజవరుని;
రెండు నెలలే గడువు రేపటి వంటకు;
చచ్చినట్టి యింతి చంపె నతని.

తుంగభద్ర:
అమ్మాయీ, నాకు ప్రాసయతి పాఠం చెప్పిన నోటితోనే "నెలలే" అన్నావు. ఆ "లే" దీర్ఘం గణాన్ని (లఘుగురువుల కూర్పును) చంపింది, సీత రావణుణ్ణి చంపినదీ లేనిదీ తరువాత చూద్దాం. "నెలలె" అంటే సరిపోతుంది. రావణుడు పులస్త్యుని మనుమడు, దితి కొడుకు కాడు కనుక "దితిజవరుని" అనడం కూడదు. "దివిజరిపుని" అను, యతి చెడదు, వంశమూ చెడదు.

పినాకినీతీరం:
అక్షరం దిద్దారు సరే, తుంగభద్రగారు పద్యాన్ని చూడలేదు. 2 నెలలు దాటాక తనను కాదంటే వంటవాళ్ళు ఉదయపు ఫలహారానికి ముక్కలు కోస్తారని సుందరకాండలో రావణుడు బెదిరిస్తాడు. "రేపటి వంటకు" అన్న మాటలో ఆ బెదిరింపంతా ఉంది. ఇక గడ్డిపరక సంగతి ఇంకా పదునైనది. బ్రహ్మను వరం కోరినప్పుడు దేవదానవ యక్షులందరి పేర్లూ చెప్పి, మనుషులు నాకు గడ్డిపోచతో సమానమని వదిలేసినవాడు ఈ రావణుడే. తాను గడ్డిపోచ అన్నవారిలో ఒకతె గడ్డిపోచనే ఎదుట పెట్టి మాట్లాడింది, ఆ గడ్డిపోచల్లో ఒకడే చివరకు వాణ్ణి కూల్చాడు. కాబట్టి "చంపె" అన్న క్రియ ఈ పద్యంలో నా పద్యంలో కన్న గట్టిగా నిలిచింది.

గడ్డిపరక అంటే తుంగభద్రగారి పాత పూరణ ఒకటి గుర్తుకొస్తోంది. "బలికి వచ్చి వాఁడె భక్ష్యముఁ దినె" అని పాదం ఇచ్చినప్పుడు వారు ఏకచక్రపురంలో బకుని కథ తీసుకొని, బండెడు అన్నాన్ని భీముని చేత తినిపించారు, మేమందరం చప్పట్లు కొట్టాం. కాని భీముడు చావడానికి వెళ్ళలేదు, భుజబలం ఉన్నవాడు తిండి తినడం ధిక్కారం ఎలా అవుతుంది? ఆ కథలో అసలు ధిక్కారి ఆ బ్రాహ్మణుని చిన్న కొడుకు. అమ్మా నాన్నా అక్కా ఎవరు బలికి వెళ్ళాలా అని ఏడుస్తుంటే, మాటలైనా సరిగా రాని ఆ పసివాడు ఒక గడ్డిపోచ పట్టుకొని, దీనితో ఆ రాక్షసుణ్ణి నేను చంపుతానన్నాడు. వాణ్ణి వదిలేసి భీముణ్ణి పట్టుకొన్నారు, ఇప్పుడు వేదవతిని వదిలేసి బొమ్మను పట్టుకొన్నారు.

తుంగభద్ర:
ఆ పాదంలో తినడం ఉంది, గడ్డిపోచ లేదు. ఇచ్చిన పాదాన్ని పూరించాలా, పినాకినీతీరంవారి మనసులోని పాదాన్ని పూరించాలా?

నిర్వాహకుడు:
బకుణ్ణి ఇంతటితో విడిచిపెడదాం. నాగావళిగారి పద్యాన్ని, ఓరుగల్లువారి పద్యాన్ని పక్కపక్కన పెట్టి చదివితే నాకొక సంగతి కనబడింది. అశోకవనంలో సీత కూడా, నిన్ను భస్మం చేయగలను గాని రాముని ఆజ్ఞ లేదు, నా తపస్సును కాపాడుకోవాలి, అందుకే చేయడం లేదు అని రావణునితో అంటుంది. శపిస్తే తపస్సు ఖర్చవుతుందన్న వేదవతి మాటే ఇది. ఒకతె నిప్పు ముందు నిలబడి అన్నది, ఇంకొకతె గడువు కింద కూర్చొని అన్నది, వినవలసినవాడు రెండు సార్లూ ఒకడే. చేతిలో ఉన్న ఆయుధాన్ని వాడకుండా దాచుకోవడమే ఇద్దరి ధిక్కారమూ కనుక, "మాట విత్తి పోయె" అన్న పలుకు ఈ వారానికి నాకు అన్నింటి కన్న నచ్చింది. విరుపుల్లో మాత్రం మాయసీతకు సాటి లేదు. నాగావళిగారు ఆ రెండు సవరణలతో పద్యాన్ని మళ్ళీ పెడితే సంకలనంలో చేరుస్తాను.

తుంగభద్ర:
నిర్వాహకుల తీర్పు శిరోధార్యం. అయితే ఓరుగల్లువారి ప్రాసయతిని ఒప్పుకొన్నాను గాని "పండి"ని ఒప్పుకోలేదు, ఆ పద్యం సంకలనంలో చేరేటప్పుడు నా ఆక్షేపణ కూడా దాని కింద అచ్చు కావాలని మనవి.

ఓరుగల్లుకోట:
తప్పకుండా అచ్చు వేయండి, దాని కింద నా సమాధానం కూడా వేయండి.