అమ్మకి అండాశయ క్యాన్సర్, లింఫ్ నోడ్స్‌కీ పాకింది: ముందు కీమోనా, ఆపరేషనా?

నమస్కారమండీ. మాది ఒంగోలు, ఇప్పుడు చెన్నైలో అన్నయ్య ఇంట్లో ఉన్నాం. అమ్మకి 58 ఏళ్లు. ఆరు నెలలుగా కడుపుబ్బరం అంటుంటే గ్యాసే అనుకుని మాత్రలు వేశాం, అదే ఇప్పుడు మనసు తొలిచేస్తోంది. సీఏ-125 అనే రక్తపరీక్షలో మామూలుగా 35 లోపు ఉండాలట, అమ్మకి 840. బయాప్సీలో హై గ్రేడ్ సీరస్ (త్వరగా పెరిగే రకం) అని వచ్చింది, స్టేజ్ 3సీ (కడుపులో పాకిన దశ) అన్నారు.

ఒక డాక్టరు గారు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు మూడు వారాలకోసారి, మూడు సార్లు ఇచ్చి, ఆపరేషన్ చేసి, మళ్లీ మూడు ఇద్దామంటున్నారు. ఇంకొకరు ముందే ఆపరేషన్ అంటున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాగే జరిగిందా? ఏది ముందు చేశారు? బీఆర్‌సీఏ అనే జన్యు టెస్టు ఎప్పుడు చేయించారు? అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంకో అభిప్రాయం అడగాలంటే రిపోర్టులు సరిపోతాయా, లేక బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు) కూడా పట్టుకెళ్లాలా? అమ్మకి ఇంకా పూర్తిగా చెప్పలేదు.