ఏడో వారం, రాయగడకి కొత్త: డాక్టర్ని మార్చాలా?

అడిగినది:

నమస్తే అండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్ళయి ఆరు నెలలైంది, మావారికి ఒడిశాలోని రాయగడలో ఉద్యోగం, నేను ఇక్కడికి వచ్చి రెండు నెలలే. ఇప్పుడు నాకు ఏడో వారం. మావారి ఆఫీసులో ఎవరో చెప్తే ఒక ప్రైవేటు క్లినిక్కి వెళ్ళాం. రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ బయట గంటన్నర, లోపల రెండు నిమిషాలు. మేడం ఒడియా, హిందీ తప్ప మాట్లాడరు, నా హిందీ అంతంత మాత్రం. ఐదు రకాల మాత్రలు రాశారు, వారానికో ఇంజెక్షన్ అన్నారు, ఒకటి వేశారు కూడా. ఎందుకండీ అంటే "బేబీ కే లియే" అన్నారు, అంతే. బ్లీడింగ్ ఏమీ లేదు, పొద్దున పూట వాంతులు మాత్రం ఉన్నాయి. అమ్మేమో ఫోన్లో "పార్వతీపురంలో తెలుగు డాక్టర్లుంటారు కదే, అక్కడికి పోండి" అంటోంది. అత్తయ్యగారు "మధ్యలో డాక్టర్ని మార్చకూడదు" అంటున్నారు. మొదటి కాన్పు కాబట్టి ఏడో నెలలో ఎలాగూ తెనాలి వెళ్తాను. ఇప్పుడే మార్చాలా, అప్పటిదాకా ఓర్చుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

గుణుపురం నుంచి:

చెల్లీ, వెంటనే మార్చెయ్. ఎందుకో చెప్పని ఇంజెక్షన్ వేయించుకోవడమేంటి? పార్వతీపురం రైలెక్కితే గంట అటూ ఇటూ, అక్కడ అందరూ తెలుగే, నీ బాధ నీ మాటల్లో చెప్పుకోవచ్చు. నేనైతే రెండోసారి ఆ క్లినిక్ గడప తొక్కేదాన్ని కాదు.

రాయగడ నుంచి, పద్నాలుగేళ్ళుగా ఇక్కడే:

గుణుపురం చెల్లి చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు అమ్మా.

ముందు మీ అత్తయ్యగారి మాట. మధ్యలో మార్చకూడదన్నది ఎనిమిదో నెలకో తొమ్మిదో నెలకో సరిపోయే మాట, ఏడో వారానికి కాదు. ఇప్పటికి ఆ డాక్టరు దగ్గర నీ గురించి ఉన్నది ఒక స్కాను, నాలుగు రక్తపరీక్షలు. ఆ కాగితాలు నీ చేతిలో ఉంటే ఇంకో డాక్టరు పది నిమిషాల్లో అందుకుంటారు. పదకొండో వారం నిండాక పద్నాలుగు నిండేలోపు బిడ్డ మెడ వెనక నీటి మందం చూసే ఎన్.టి. స్కాను, 18-20 వారాల్లో అవయవాలు చూసే స్కాను, 24-28 వారాల మధ్య షుగర్ పరీక్ష, పెద్ద పనులన్నీ ఇంకా ముందే ఉన్నాయి. మారాలంటే ఇంతకంటే సులువైన సమయం మళ్ళీ రాదు.

అయితే నువ్వు వేసుకోవాల్సిన లెక్క ఇంకోటుంది. ఏడో నెలలో తెనాలి వెళ్తే అక్కడ డాక్టరు ఎలాగూ మారతారు. అంటే ఇప్పుడు మార్చకపోతే మొత్తం ఇద్దరు, మారిస్తే ముగ్గురు. ముగ్గురైతే కొంప మునగదు గానీ చేతులు మారిన ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోతుంది. నాకు జారింది.

నాకు నెలసరి ఎప్పుడూ లెక్క ప్రకారం వచ్చేది కాదు. పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు ఇక్కడ తీసిన మొదటి స్కానులో, నేను చెప్పిన తేదీ ప్రకారం ఉండాల్సినదాని కంటే బిడ్డ రెండు వారాలు చిన్నగా కనిపించింది, గుండె మాత్రం చక్కగా కొట్టుకుంటోంది. డాక్టరు పురిటి తేదీని రెండు వారాలు ఆలస్యంగా మార్చి రాశారు. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడో నెలలో విజయనగరం మా పుట్టింటికి వెళ్తే, అక్కడి డాక్టరు నెలసరి తేదీ అడిగి వేళ్ళ మీద లెక్కేసి, కొత్తగా స్కాను తీయించి, బిడ్డ రెండు వారాలు వెనకబడి ఉంది, ఎదుగుదల సరిగ్గా లేదు అనేశారు. మా అమ్మ వంటింట్లో కూర్చుని ఒకటే ఏడుపు, నాకు రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు. పాత స్కాను కోసం తెచ్చిన సంచులన్నీ బోర్లించాం. దొరికింది, కానీ ఆ నున్నటి మెరిసే కాగితం మీద బొమ్మ మొత్తం వెలిసిపోయి బూడిద పూసినట్టు ఉంది. వేడి తగిలితే పాడయ్యే కాగితమట అది, నేను దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి రేకుల ఇంట్లో బీరువా మీద ఎండాకాలమంతా ఉంచాను, ఇంకేం మిగుల్తుంది. చివరికి మావారు అప్పట్లో సరదాగా వాళ్ళ అక్కకి వాట్సాప్‌లో పంపిన ఫోటో దొరికింది. మూలన చిన్న అక్షరాల్లో సి.ఆర్.ఎల్. అని, దాని పక్కన ఇన్ని వారాలు ఇన్ని రోజులు అని ఉంది. డాక్టరు దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, మళ్ళీ లెక్కేసి, "బిడ్డ సరిగ్గానే ఉందమ్మా, తప్పు తేదీది" అన్నారు.

సి.ఆర్.ఎల్. అంటే బిడ్డ తల నుంచి పిరుదుల దాకా కొలత. మొదటి మూడు నెలల్లో బిడ్డలందరూ ఇంచుమించు ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి ఆ కొలతతో వేసిన తేదీని నమ్మొచ్చు, ఆ తర్వాత ఒక్కొక్కరిది ఒక్కో తీరు, ఆలస్యంగా తీసిన స్కానుతో తేదీ కడితే వారాల్లో తేడా రావచ్చు. అందుకని డాక్టర్ని మార్చినా మార్చకపోయినా ఈ రాత్రే నీ స్కాను రిపోర్టు, బొమ్మ, రక్తపరీక్షలు, మందుల చీటీలు అన్నీ ఫోటోలు తీసి మీ అమ్మకి పంపు. నీ బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే మరీ ముఖ్యం, తల్లి రక్తం బిడ్డ రక్తం మీద తిరగబడకుండా 28 వారాల దగ్గర ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ చేతులు మారేటప్పుడు మర్చిపోయే వస్తువుల్లో మొదటిది.

ఇక భాష. అదొక్కటే కారణమైతే నేను మార్చను. నేను వచ్చిన కొత్తలో ల్యాబ్ కుర్రాడు "ఖాలి పేటరే ఆసిఛంతి కి?" అన్నాడు. ఏదో పేట నుంచి వచ్చారా అని అడుగుతున్నాడనుకుని మా వీధి పేరు చెప్పాను. పరగడుపున వచ్చారా అని అడిగాడట పాపం. పేట అంటే వీళ్ళకి కడుపు. నీకిప్పుడు కావాల్సిన ఒడియా నాలుగు ముక్కలు: వాంతి వచ్చేట్టుంటే "బాంతి లాగుచి", కళ్ళు తిరిగితే "ముండ బులాఉచి", కడుపు నొప్పికి "పేట కాటుచి", రక్తం పోతుంటే "రక్త జాఉచి". ఇంకోటి, అన్నిటికంటే పనికొచ్చేది: "ఎ ఔషధ కాహింకి", ఈ మందు ఎందుకు అని. రాయగడలో సగం మందుల షాపుల్లో తెలుగు వస్తుంది, క్లినిక్ నర్సుల్లోనూ ఒకరో ఇద్దరో మనవాళ్ళు ఉంటారు, ఆ నర్సు డ్యూటీ ఎప్పుడో కనుక్కుని అప్పుడే వెళ్ళు.

ఎందుకో చెప్పకపోవడం మాత్రం భాష సమస్య కాదు, అక్కడ నేను గుణుపురం చెల్లి పక్షం. మొదటి మూడు నెలలూ అందరికీ కావాల్సింది ఫోలిక్ యాసిడ్, రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు, ఎక్కువ రాస్తే కొందరికి దానికీ కారణం ఉంటుంది. ఐరన్, కాల్షియం మామూలుగా మూడు నెలలు దాటాక మొదలు. మరి ఆ ఐదు ఏంటి? వారానికో ఇంజెక్షన్ అంటే బహుశా గర్భం నిలవడానికని ఇచ్చే ప్రొజెస్టరాన్ హార్మోన్ రకం అయ్యుంటుంది, చీటీ చూడు. ఇంతకుముందు గర్భం పోయి, ఈసారి బ్లీడింగ్ కనిపించినవాళ్ళకి ప్రొజెస్టరాన్ ఇవ్వడానికి ఒక అర్థం ఉంది. ఏ ఇబ్బందీ లేకపోయినా వచ్చినవాళ్ళందరికీ రాసేవాళ్ళు మన ఊళ్ళల్లో కూడా ఉన్నారు. అలాగని నీ అంతట నువ్వు ఆపెయ్యకు. ఇంకోసారి వెళ్ళు, మీవారిని లోపలికి తీసుకెళ్ళు, చీటీ బల్ల మీద పెట్టి ఒక్కోటి వేలు పెట్టి అడుగు. చెప్పారా, ఉండు, రెండు నిమిషాలైనా పర్లేదు, ఇక్కడ రోగులు ఎక్కువ డాక్టర్లు తక్కువ. విసుక్కున్నారా, అప్పుడు మార్చు.

అలాగే రాత్రి రెండింటికి రక్తం పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని కూడా అడుగు. చాలా క్లినిక్కులు సాయంత్రం షట్టర్ దించేసి వెళ్ళిపోతాయి. ఈ ప్రశ్నకి జవాబు లేని చోట నేను ఎంత మంచి డాక్టరైనా పెట్టుకోను. పార్వతీపురంతో నా పేచీ కూడా అదే. ఒకసారి వెళ్ళి తెలుగులో అన్నీ అడిగి తెలుసుకో, రెండో అభిప్రాయంగా బావుంటుంది, రైలు ప్రయాణంతో గర్భం పోదు, మొదటి నెలల్లో పోయేవాటిలో ఎక్కువ భాగం క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. కానీ పొత్తికడుపులో ఒక పక్క తీవ్రంగా నొప్పి వచ్చినా, స్పృహ తప్పేట్టున్నా, మంచినీళ్ళు కూడా నిలవనంత వాంతులైనా ఆ రైలు కోసం కూర్చోలేవు కదా. అలాంటప్పుడు ఇక్కడి జిల్లా ఆసుపత్రికే పరుగెత్తాలి, అక్కడి నుంచి పంపితే కొరాపుట్‌లో 2017లో పెట్టిన మెడికల్ కాలేజీకో, బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకో. అందుకని ఈ ఊళ్ళో ఒక మనిషి నీకు ఉండాల్సిందే.

పర్లాకిమిడి నుంచి:

పై అక్క అన్నీ రాసేశారు, రెండు విషయాలు కలుపుతాను. ఒకటి, ప్రైవేటులో చూపించుకున్నా మీ వీధి ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీనో పట్టుకుని పన్నెండు వారాల్లోపు పేరు రాయించుకోండి, తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. టి.డి. (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకాలు, బరువు, బీపీ, హిమోగ్లోబిన్ అన్నీ ఒకే చోట రాసి ఉంటాయి, తెనాలిలోనూ అదే కార్డు చూపించొచ్చు. గర్భిణులకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మమతా పథకం డబ్బులు రావాలన్నా ఈ నమోదే మొదలు. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకి ఉచితంగా చూస్తారు, 2016 నుంచి దేశమంతా ఉంది. డబ్బు ఖర్చు లేకుండా రెండో డాక్టరు అభిప్రాయం అన్నమాట!

రెండోది తెనాలి డాక్టర్లకి తట్టనిది. ఈ కొండ జిల్లాల్లో మలేరియా ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం, దోమతెర లేకుండా పడుకోవద్దు, జ్వరం వస్తే ఆ రోజే రక్తం చూపించుకోవాలి. పుట్టింటికి వెళ్ళాక జ్వరం వచ్చినా "రాయగడ నుంచి వచ్చాను" అని మొదటి మాటగా చెప్పండి. మా ఆడపడుచు చెప్పలేదు, నాలుగు రోజులు టైఫాయిడ్ అనుకుని తిరిగారు. ఇంకా మీవారి తరఫువాళ్ళది ఈ ప్రాంతమే అయితే సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి బిడ్డకి వచ్చే రక్తపు జబ్బు) పరీక్ష ఇప్పుడే చేయించుకోండి. మీకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉందని తేలితే ఆయనకీ చెయ్యాలి, ఇద్దరికీ ఉంటేనే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం. ఆలస్యమయ్యే కొద్దీ తెలిసినా చేయగలిగింది తగ్గిపోతుంది. కొత్త చోట స్కాను తీస్తే డాక్టరు చీటీ, ఆధార్ అడిగి ఫారం నింపుతారు, కంగారు పడొద్దు, ఆడా మగా చెప్పకూడదన్న 1994 చట్టం కోసం అది.

అడిగినది, తొమ్మిది రోజుల తర్వాత:

అందరికీ థాంక్స్ అండీ. రాయగడ అక్కా, మీరు చెప్పినట్టే మావారిని లోపలికి తీసుకెళ్ళాను. "ఎ ఔషధ కాహింకి" అన్నాను. మేడం తలెత్తి మొదటిసారి నా మొహం చూసి నవ్వారు. మాత్రలు నాలుగింటికి చెప్పారు, ఒకటి వాంతులకి, ఒకటి గ్యాస్‌కి, ఒకటి ఫోలిక్, ఒకటి విటమిన్. ఇంజెక్షన్ దగ్గరికొచ్చేసరికి "అందరికీ వేస్తాం, మంచిది" అన్నారు. నాకు బ్లీడింగ్ లేదు కదా, ఇంతకుముందు పోలేదు కదా అని మావారు అడిగితే నర్సుని పిలిచి తర్వాతి పేషెంటుని పంపమన్నారు. రాత్రి ఫోన్ గురించి అడిగే సందే దొరకలేదు. బయటికొచ్చి రోడ్డు మీద కాసేపు ఏడ్చాను, తర్వాత మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళి కూర్చున్నాం.

9వ తారీఖున జిల్లా ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి మేడం కూడా ఒడియానే, కానీ చీటీ చూసి ఆ ఇంజెక్షన్ నీకు అవసరం లేదు, గ్యాస్ మాత్ర కావాలంటేనే వేసుకో అని రాసిచ్చారు. సాయంత్రం ఆ మేడం చూసే చోట రాత్రి కూడా మనిషి ఉంటారట, నంబరు ఇచ్చారు. ఏడో నెల దాకా ఇక ఆవిడ దగ్గరే. పార్వతీపురం మానేశాను, అమ్మకి కోపంగా ఉంది. రేపు పొద్దున సికిల్ సెల్‌కీ థైరాయిడ్‌కీ రక్తం ఇవ్వాలి, ఏమీ తినకుండా రావాలా అని అడగడం మర్చిపోయాను, ఎవరికైనా తెలుసా?

రాయగడ నుంచి:

ఆ రెండిటికీ పరగడుపు అక్కర్లేదమ్మా, వాంతులున్నదానివి, రెండు బిస్కట్లు తిని వెళ్ళు. కుర్రాడు ఖాలి పేట అని అడిగితే లేదని చెప్పు, వీధి పేరు చెప్పకు.