అమ్మ రోజూ చోడి (రాగి) అంబలి తాగుతున్నా రక్తం పెరగడం లేదు, ఎందుకు?

పర్లాకిమిడి అబ్బాయి:
మా అమ్మకి 68 ఏళ్ళు. హిమోగ్లోబిన్ 9.2 దగ్గరే ఆగిపోయింది, మోకాళ్ళ నొప్పులు సరేసరి. పొద్దున అంబలి, మధ్యాహ్నం తోటకూర పప్పు, తినగానే టీ. మర్చిపోకూడదని ఐరన్, క్యాల్షియం బిళ్ళలు రెండూ రాత్రి పడుకోబోయే ముందు నేనే ఇస్తున్నాను. గ్యాస్ బిళ్ళ మూడేళ్ళుగా నడుస్తోంది. తిండికి లోటు లేదు, మరి ఒంటికెందుకు పట్టడం లేదు? వయసు వల్లేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

రాయగడ మందుల షాపు:
వయసు కొంత కారణమేనండీ. పసిపిల్లల్లో తిన్న క్యాల్షియంలో 60 శాతం దాకా ఒంటికి పడుతుంది, పెద్దయ్యాక అది పాతిక శాతం దగ్గరికి వస్తుంది, ఆ తర్వాత ఇంకా తగ్గుతుంది. డి విటమిన్‌ని పనికొచ్చే రూపంలోకి మార్చే మూత్రపిండాలూ నెమ్మదిస్తాయి. కానీ ముందు ఆ రెండు బిళ్ళలూ విడదీయండి, క్యాల్షియం ఐరన్‌కి అడ్డు పడుతుంది. మీ బిళ్ళ మీద కార్బొనేట్ అని ఉంటే భోజనంతో వేయాలి, దానికి కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ బిళ్ళ చేసే పనే ఆ ఆమ్లాన్ని తగ్గించడం, ఐరన్‌కీ బి12కీ కూడా అదే ఇబ్బంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, ఇంకా అవసరమా అని డాక్టర్‌నే అడగండి.

గుణుపురం పిన్ని:
బాబూ, అంబలి ఎలా కాస్తున్నారు? మా అమ్మ రాత్రే చోడిపిండి నీళ్ళలో కలిపి పులవనిచ్చి పొద్దున కాసేది. ఇప్పుడు అందరం పొద్దున కలిపి పది నిమిషాల్లో దించేస్తున్నాం. చోళ్ళలో ఫైటేట్ ఉంటుంది, అది ఖనిజాల్ని పట్టేసుకుని వదలదు, పులిస్తేనో మొలకెత్తిస్తేనో తగ్గుతుంది. ఇంకొకటి, చోళ్ళ గొప్పంతా క్యాల్షియంలోనే, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఇనుము మాత్రం అంత లేదు. టీ తిన్న వెంటనే వద్దమ్మా, కనీసం గంట ఆగమను. పప్పు దించాక నిమ్మకాయ పిండండి, ఆకుకూరలో ఇనుము బాగా పడుతుంది.

బరంపురం నర్సు:
అందరూ చెప్పింది నిజమే, అయినా నాకు ఇంకో భయం ఉంది. ఈ వయసులో రక్తం తక్కువుంటే ఒంటికి పట్టడం లేదని వెంటనే అనుకోకూడదు, లోపల ఎక్కడైనా కారిపోతోందేమో చూడాలి. మోకాళ్ళకి నొప్పి బిళ్ళలు వాడుతున్నారా? వాటి వల్ల కడుపులో పుండు పడి రక్తం కారొచ్చు. విరేచనం నల్లగా వస్తోందా? ఐరన్ బిళ్ళకీ నల్లగా అవుతుంది, అందుకే దాని వల్లేలే అని వదిలేస్తుంటారు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), బి12, మలపరీక్ష చేయించండి.

పర్లాకిమిడి అబ్బాయి:
అమ్మని ఇప్పుడే అడిగాను. నొప్పి ఎక్కువైన రోజు రెండేసి బిళ్ళలు వేసుకుంటోందట, పక్కింటావిడతో తెప్పించుకుని, మాకు చెప్పకుండా. సోమవారం బరంపురం తీసుకొస్తున్నాను, అక్కా. ఆ పరీక్షలకి పరగడుపున రావాలా?

బరంపురం నర్సు:
ఫెరిటిన్‌కి పొద్దున్నే ఏమీ తినకుండా వస్తే మంచిది, తమ్ముడూ. వేసుకుంటున్న బిళ్ళల అట్టలన్నీ తీసుకురా, ఆ నొప్పి బిళ్ళలవి కూడా. ఈలోగా నల్లగా జిగటగా విరేచనమైనా, కళ్ళు తిరిగినా సోమవారం దాకా ఆగొద్దు, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళు.