పాత సినిమా పాటలకు సింక్ నొక్కితే లయ ఎందుకు జారిపోతోంది?

ఓరుగల్లు_డెక్స్

అందరికీ నమస్కారం. వరంగల్‌లో పెళ్లిళ్లకు, సంగీత్‌లకు, షష్టిపూర్తి వేడుకలకు డీజేగా పనిచేస్తున్నాను. ఇంతకాలం రెండు సీడీ ప్లేయర్లు, ఒక మిక్సర్‌తో నడిపించి, ఇటీవలే ల్యాప్‌టాప్‌కు, కంట్రోలర్‌కు (డీజే సాఫ్ట్‌వేర్‌ను నడిపే మీటలు, చక్రాలున్న పరికరం) మారాను. కొత్త పాటలతో ఏ ఇబ్బందీ లేదు; రెండు డెక్‌లలో పాటలు ఎక్కించి, రెండింటి దరువులను తనంతట తానే కలిపే సింక్ బటన్ నొక్కితే చివరిదాకా కలిసే నడుస్తాయి. షష్టిపూర్తుల్లో పెద్దలు అడిగే 1970ల, 1980ల సినిమా పాటలతోనే చిక్కు వస్తోంది. పల్లవి వరకు రెండు పాటల దరువులు ఒక్కటిగా వినిపిస్తాయి. చరణంలోకి వచ్చేసరికి మెల్లగా విడిపోయి, ఒకే దెబ్బ రెండుసార్లు పడినట్టు అవుతుంది. మరికొన్ని పాటలకు సాఫ్ట్‌వేర్ చూపించే బీపీఎం (నిమిషానికి పడే దెబ్బల సంఖ్య) అసలు వేగానికి దగ్గరలో కూడా ఉండదు.

లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందా, పాటల్లో ఉందా? డబ్బు పెట్టి మరొక సాఫ్ట్‌వేర్ కొంటే ఇది తీరుతుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

లయకోశం

నమస్కారం అండీ. లోపం పాటల్లో లేదు. సాఫ్ట్‌వేర్ కూడా తనకు చెప్పిన పని సరిగ్గానే చేస్తోంది. సింక్ బటన్ వెనుక ఉన్న ఒక ఊహ మీ పాత పాటలకు వర్తించకపోవడం వల్లనే ఈ ఇబ్బంది వస్తోంది.

పాటను లైబ్రరీలో చేర్చినప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని మొదటినుంచి చివరిదాకా పరిశీలించి, శబ్దశక్తి ఒక్కసారిగా పెరిగిన చోట్లను, అంటే దెబ్బ పడిన క్షణాలను గుర్తిస్తుంది. ఆ క్షణాల మధ్య ఏ వ్యవధి ఎక్కువగా పునరావృతమవుతోందో లెక్కగట్టి దాన్ని బీపీఎంగా చూపిస్తుంది. ఆ తర్వాత మొదటి దెబ్బ దగ్గర ఒక గీత గీసి, అక్కడినుంచి పాట చివరిదాకా సమాన దూరాల్లో గీతలు గీసుకుంటూ పోతుంది. దీన్నే బీట్ గ్రిడ్ అంటున్నాం. మీరు సింక్ నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్ కలిపేది ఈ రెండు గ్రిడ్‌లనే. ఆ క్షణంలో అది పాటను వినడం లేదు. క్లబ్ సంగీతం యంత్రం ఇచ్చే స్థిరమైన వేగంతో తయారవుతుంది కాబట్టి, ఆ సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని ఎదిగిన సాఫ్ట్‌వేర్‌కు సమదూరపు గ్రిడ్ సహజమైన ఎంపిక అయింది.

క్లిక్ ట్రాక్‌కు (హెడ్‌ఫోన్‌లో స్థిరమైన వేగంతో వినిపించే టిక్ టిక్ శబ్దానికి) కట్టుబడి రికార్డు చేసే పద్ధతి స్థిరపడకముందు మన సినిమా పాటలను వాద్యబృందమంతా ఒకేచోట కూర్చుని వాయించేది. గాయకుడు పల్లవి చివర కాస్త నిలిస్తే తబలా కూడా నిలుస్తుంది, చరణంలో ఉత్సాహం పెరిగితే వేగమూ పెరుగుతుంది. ఆ స్వల్ప మార్పులు పాటకు ప్రాణం పోసినవే తప్ప వాయించినవారి పొరపాట్లు కావు. టేపు నుంచో క్యాసెట్ నుంచో డిజిటల్‌లోకి ఎక్కించినప్పుడు యంత్రపు వేగంలో వచ్చిన తేడా కూడా వీటికి తోడవుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. గ్రిడ్ 120 బీపీఎం అని నిర్ణయించుకుని ఉండగా పాట 120.1 దగ్గర నడిస్తే, ఒక నిమిషంలో బీటులో పదో వంతు తేడా వస్తుంది. 120 బీపీఎంలో ఒక బీటు నిడివి 500 మిల్లీసెకన్లు కాబట్టి ఆ తేడా 50 మిల్లీసెకన్లు. రెండు దెబ్బల మధ్య అంత ఎడం ఉంటే చెవి పసిగట్టేస్తుంది. నాలుగు నిమిషాల పాట ముగిసేసరికి అది 200 మిల్లీసెకన్లు అవుతుంది. చేతితో వాయించిన పాటలో తేడా 0.1 దగ్గర ఆగదు; ఒకటి రెండు బీపీఎంలు అటూఇటూ కావడం మామూలే.

అందువల్ల పరిష్కారం గ్రిడ్‌ను పాటకు తగ్గట్టు వంచడంలో ఉంది. ఉచితంగా దొరికే మిక్స్ (చివర మూడు ఎక్స్‌లు ఉండేది) అనే డీజే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బీట్ గుర్తింపు విభాగంలో, పాట వేగం స్థిరంగా ఉంటుందని భావించే ఒక ఎంపిక ఉంటుంది. దాన్ని తీసేసి పాటను మళ్లీ విశ్లేషింపజేస్తే, దెబ్బ పడిన చోటల్లా గీత పడుతుంది. రికార్డ్‌బాక్స్‌లో డైనమిక్ అనే విశ్లేషణ పద్ధతి ఇందుకోసమే ఉంది. సెరాటోలో పాట మధ్యలో కావలసిన చోటల్లా గ్రిడ్ గుర్తులు మీరే పెట్టుకోవచ్చు. ట్రాక్టర్ చాలాకాలం సమదూరపు గ్రిడ్‌నే అంటిపెట్టుకుని ఉండి, 2024లో వచ్చిన నాలుగో ప్రో సంచికలో వంగే గ్రిడ్‌ను తెచ్చింది. కాబట్టి ఈ ఒక్క కారణానికి మరో సాఫ్ట్‌వేర్ కొనే ముందు, మీ దగ్గర ఉన్నదానిలో ఈ సౌకర్యం ఏ పేరుతో ఉందో వెతకండి.

గ్రిడ్ సరిచేశాక కూడా ఒక జాగ్రత్త అవసరం. సింక్‌లో ఒక డెక్ లీడర్‌గా ఉంటే రెండోది దాన్ని అనుసరిస్తుంది. పాత పాటను అనుసరించేదిగా పెడితే, దాని సహజమైన ఒడిదుడుకులను సాఫ్ట్‌వేర్ చదును చేస్తుంది. గాయని సాగదీసిన చోట కుదించి, తొందరపడిన చోట లాగి, పాటను పాడుచేస్తుంది. పాత పాటనే లీడర్‌గా ఉంచి, కొత్త పాట దాని వెంట నడిచేలా చేయండి. యంత్రంపై తయారైన దరువు ఒక బీపీఎం అటూఇటూ అయినా ఎవరికీ తెలియదు.

బీపీఎం పూర్తిగా తప్పుగా రావడానికి కారణం వేరు. విశ్లేషణ పద్ధతులు సాధారణంగా మధ్యస్థ వేగాల వైపు మొగ్గు చూపుతాయి కాబట్టి, 75 బీపీఎం పాటను 150 అని చూపించడం తరచుగా జరుగుతుంది. మూడేసి మాత్రల నడక ఉన్న పాటల్లో ఇంకో చిక్కు ఉంది: తిశ్ర నడకలోని చిన్న దెబ్బలను రెండేసి చొప్పున కలిపి లెక్కపెడితే, అసలు వేగానికి ఒకటిన్నర రెట్ల సంఖ్య వస్తుంది. తీన్మార్ దరువులతోనూ ఇలా జరగడం గమనించాను. మిక్స్‌లో బీపీఎంను సగం, రెట్టింపు చేయడంతోపాటు మూడింట రెండు వంతులు, ఒకటిన్నర రెట్లు చేసే ఎంపికలు కూడా ఉన్నాయి. 135 అని చూపిస్తున్న పాటను చేతితో తట్టి చూస్తే 90 వస్తోందంటే, మూడింట రెండు వంతుల ఎంపికను నొక్కితే సరిపోతుంది.

శబ్దతరంగం

లయకోశం గారు చెప్పినదానికి కొంత చరిత్ర జోడిస్తాను, ఎందుకంటే సింక్ ఈ సాఫ్ట్‌వేర్‌కు మొదటినుంచీ కేంద్రం కాదు.

1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్‌లో వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికి, తగ్గించడానికి పక్కన జరిపే మీట ఉండేది. డీజే హెడ్‌ఫోన్‌లో రెండో రికార్డును వింటూ ఆ మీటతో వేగం కలిపేవాడు. 1990ల చివర నెదర్లాండ్స్‌కు చెందిన ఎన్2ఐటీ సంస్థ ఫైనల్ స్క్రాచ్‌ను రూపొందించినప్పుడు ఈ నైపుణ్యాన్ని ముట్టుకోలేదు. రికార్డు మీద పాటకు బదులు ఒక సంకేత ధ్వనిని ముద్రించారు. తొలుత బీఓఎస్ అనే నిర్వాహక వ్యవస్థపై నడిచిన ఆ సాఫ్ట్‌వేర్ సంకేతాన్ని వింటూ, కంప్యూటర్‌లోని పాటను రికార్డు కదలికకు తగ్గట్టు నడిపించేది. రిచీ హాటిన్, జాన్ అక్వావీవా వంటి డీజేలు తొలిరోజుల్లోనే దాన్ని వేదికల మీదికి తీసుకెళ్లారు.

2004లో న్యూజిలాండ్ సంస్థ సెరాటో, అమెరికా సంస్థ రేన్‌తో కలిసి తెచ్చిన స్క్రాచ్ లైవ్‌లో ఈ పద్ధతి పనితీరు ఎంత అందంగా ఉంటుందో చూడండి. రికార్డు మామూలు వేగంతో తిరిగితే 1,000 హెర్ట్జ్ ధ్వని వస్తుంది. 1,050 వినిపిస్తే వేగం 5 శాతం పెరిగిందని సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. ఎడమ, కుడి చానళ్లలోని తరంగాలు ఒకదానికొకటి పావు ఆవృత్తి తేడాతో ఉంటాయి కాబట్టి, ఏది ముందు వస్తోందో చూసి రికార్డు ముందుకు తిరుగుతోందో వెనక్కి తిరుగుతోందో కనిపెడుతుంది. ధ్వని తీవ్రతలో చేసిన సూక్ష్మమైన మార్పుల్లో సూది ఎక్కడ ఉందన్న సమాచారం దాగి ఉంటుంది. ఆ స్క్రాచ్ లైవ్‌లో సింక్ బటన్ లేదు. బీపీఎం కలపడం చెవి పనిగానే మిగిలింది.

మీరు సీడీ ప్లేయర్ల మీద చెవితో కలిపిన మనిషి కదా, ఆ విద్యను వదలకండి. పాత పాట వచ్చినప్పుడు సింక్ ఆపేసి, కంట్రోలర్ మీది గుండ్రటి చక్రాన్ని, అంటే జాగ్ వీల్‌ను వేలితో తోస్తూ సర్దుకోవడం మీకు కొత్త కాదు. నా అభిప్రాయంలో షష్టిపూర్తి వేదికకు అదే మేలైన పద్ధతి.

మేళకర్త_మిక్స్

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. వేగం సుమారు 6 శాతం మారితే శ్రుతి ఒక అర్ధస్వరం జరుగుతుంది. దీన్ని ఆపడానికి కీ లాక్ ఉంది. అది ధ్వనిని చిన్న ముక్కలుగా విడదీసి, శ్రుతి మారకుండా సాగదీస్తుంది లేదా కుదిస్తుంది. రెండు మూడు శాతం దాటితే పాత రికార్డింగుల్లో తబలా దెబ్బ పదును తగ్గి మెత్తబడుతుంది. అందుకే వేగం దగ్గరగా ఉన్న పాటలనే జతచేసుకోండి.

అలాగే, సాఫ్ట్‌వేర్ చూపించే కీని (పాట ఆధార స్వరం, స్వరవరుస) మన పాటల విషయంలో గుడ్డిగా నమ్మవద్దు. అది పాశ్చాత్య మేజర్, మైనర్ పద్ధతుల్లోకే ప్రతి పాటనూ సర్దుతుంది. శుద్ధ రిషభం, అంతర గాంధారం ఉన్న మాయామాళవగౌళ ఆ రెండింట్లో దేనిలోనూ ఇమడదు కాబట్టి, షడ్జాన్ని వదిలి మరో స్వరాన్ని ఆధారంగా చూపించే అవకాశం ఉంది. హెడ్‌ఫోన్‌లో రెండు పాటల ఆధార షడ్జాలను పోల్చి చూడటమే నమ్మదగిన దారి.

స్టెమ్స్ (పాటలోని గొంతు, దరువు వంటి విడి భాగాలు) గురించి కూడా ఒక మాట. 2015లో నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన స్టెమ్స్ ఫైళ్లలో పాటను నాలుగు భాగాలుగా నిర్మాతలే విడదీసి ఇవ్వాల్సి వచ్చేది. 2019లో డీజర్ సంస్థ పాటను భాగాలుగా విడదీసే స్ప్లీటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను బహిరంగంగా విడుదల చేశాక, 2020 నుంచి డీజే సాఫ్ట్‌వేర్లు ఏ పాటనుంచైనా గొంతును, వాద్యాలను అప్పటికప్పుడే విడదీయడం మొదలుపెట్టాయి. మీ సమస్యకు ఇది చక్కగా ఉపయోగపడుతుంది: పాత పాటలోని దరువును తగ్గించి గొంతును మాత్రమే కొత్త దరువు మీద వినిపిస్తే, రెండు దెబ్బలు ఢీకొనే ప్రసక్తే ఉండదు. అయితే మోనో రికార్డింగుల్లో వేణువు, వయొలిన్ నాదాలు గొంతుతోపాటే వచ్చేయడం నేను చాలాసార్లు విన్నాను. వేడుకకు ముందే ప్రతి పాటనూ పరీక్షించుకోండి.

ఓరుగల్లు_డెక్స్

ముగ్గురికీ ధన్యవాదాలు. గ్రిడ్‌ను వంచి చూశాను, పాత పాటను లీడర్‌గా పెట్టాక తేడా స్పష్టంగా తెలుస్తోంది. ఇంకొక్క సందేహం ఉంది. చెవితో సర్దుతున్నప్పుడు నేను జాగ్ వీల్ తోసిన కాసేపటికి పాట కదులుతున్నట్టు అనిపిస్తోంది. అలాగే ఇన్ని పాటలకు సరిచేసిన గ్రిడ్‌లు రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారితే మిగులుతాయా?

లయకోశం

ఆ ఆలస్యం ఆడియో బఫర్ (శబ్దాన్ని బయటకు పంపే ముందు కాసేపు నిల్వ ఉంచే చోటు) వల్ల వస్తుంది. సెకనుకు 44,100 నమూనాల చొప్పున లెక్కిస్తే 1,024 నమూనాల బఫర్‌కు 23 మిల్లీసెకన్లు, 256 నమూనాలకు సుమారు 6 మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ వాడుతుంటే కంట్రోలర్ తయారీదారు ఇచ్చే, ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ వేసుకుని, బఫర్‌ను 512 నుంచి మెల్లగా తగ్గిస్తూ రండి. చిటపట శబ్దం మొదలైతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. స్టెమ్స్ వాడే రోజున ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది కాబట్టి ఆ రోజుకు బఫర్ కొంచెం ఎక్కువగానే ఉంచండి.

గ్రిడ్‌ల విషయంలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పద్ధతి. సెరాటో ఆ సమాచారాన్ని పాట ఫైల్ ట్యాగుల్లోనే రాస్తుంది. మిక్స్ తన సొంత డేటాబేస్‌లో దాచుకుంటుంది, ట్రాక్టర్‌కు వేరే కలెక్షన్ ఫైల్ ఉంటుంది. ఒకదాని గ్రిడ్ మరొకదానిలో యథాతథంగా తెరుచుకుంటుందని అనుకోకండి. పాటల ఫోల్డర్‌తోపాటు ఆ డేటాబేస్ ఫైల్‌ను కూడా వేరే డిస్కులో నకలు తీసి ఉంచుకోండి. సరిచేసిన పాటలకు బీపీఎం లాక్ పెట్టడం కూడా మరచిపోకండి, లేకపోతే మరోసారి విశ్లేషణ నడిపినప్పుడు మీరు సరిదిద్దినదంతా చెరిగిపోవచ్చు.