బీఈడీకి ఏళ్లు పెంచితే టీచర్లు బాగుపడతారా?

గుంటూరు లెక్కల మాస్టారు:
ఏడాది బీఈడీని 2015 నుంచి రెండేళ్లు చేశారు. ఇప్పుడు 2030 కల్లా ఇంటర్ తర్వాత డిగ్రీ, బీఈడీ కలిపి చదివే నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీనే కనీస అర్హత అంటున్నారు, 2020 జాతీయ విద్యా విధానంలో రాసి ఉంది. నేను దీనికి వ్యతిరేకం. నేను చదివిన కాలేజీలో (గుంటూరు చుట్టుపక్కలదే, పేరెందుకు) డబ్బు కడితే క్లాసుకు రాకపోయినా అటెండెన్స్ పడేది, పాఠ్య పథకాల రికార్డులు సీనియర్ల దగ్గర తెచ్చుకుని తేదీలు మార్చి ఎక్కించేవాళ్లం, టీచింగ్ ప్రాక్టీస్ మార్కులు ఆ రికార్డులకే. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఎనిమిదో తరగతికి సమీకరణాలు మొదలుపెట్టిన రోజే ఒక పిల్లాడు లేచి, ‘సార్, ప్లస్ అటు పోతే మైనస్ ఎందుకవుతుంది?’ అన్నాడు. రూలంతే, రాసుకో అన్నాను. ఆ ఏడాది వాడు మళ్లీ నోరు తెరవలేదు. ఇలాంటి చదువు నాలుగేళ్లు చదివితే ఏం లాభం?

పటమట నుంచి:
మాస్టారూ, మీ కోపం న్యాయమే గానీ అది చూపించాల్సింది కాలేజీల మీద. టీచర్ల శిక్షణ మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో శిక్షణ కాలం పెంచమంది, నిజమే. ప్రతి శిక్షణ కాలేజీకీ ప్రయోగశాలలా ఒక బడి అనుబంధంగా ఉండాలని కూడా అదే నివేదికలో ఉంది. ఏళ్లు పెరిగాయి. బడి ఏది? విజయవాడ చుట్టూ నాకు తెలిసిన బీఈడీ కాలేజీలు వేటికీ లేదు. ఏళ్లు పెంచితే ఫీజులొస్తాయి, బడి పెట్టాలంటే చేతి డబ్బు పోతుంది. ఒక్క బీఈడీనే నడిపే విడి కాలేజీలు 2030 తర్వాత ఉండకూడదని జాతీయ విద్యా విధానంలో అన్న మాట మాత్రం నాకు నచ్చింది. ఆ యాజమాన్యాలు ఊరుకోవు, ఏ పార్టీ వచ్చినా వాళ్ల మాట చెల్లుతూనే ఉంది, అసలు గొడవ అక్కడే వస్తుంది.

తెనాలి టీచర్:
విడి కాలేజీలు పోతే మాలాంటి వాళ్లం ఎక్కడికి పోవాలండీ? డిగ్రీ చేసినవాళ్లకు రెండేళ్ల బీఈడీ ఉంటుందంటున్నారు, అదీ నాలుగేళ్ల కోర్సు నడిపే పెద్ద సంస్థల్లోనే. నేను పెళ్లయ్యాక, ఏడాదిన్నర పాపను మా అత్తయ్య దగ్గర వదిలి బీఈడీ చేశాను. ఆటోలో పది నిమిషాల దూరం కాబట్టి పంపారు, హాస్టల్ అంటే ఆ మాటే ఎత్తనిచ్చేవాళ్లు కాదు. ఇంటర్ అవగానే టీచర్ అవుతావో లేదో తేల్చుకో అంటే పదిహేడేళ్ల పిల్ల ఏం తేల్చుకుంటుంది? అప్పటికి ఇంట్లో అందరికీ ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) టెన్షనే.

గుంటూరు లెక్కల మాస్టారు:
మేడమ్, ఆ కోణం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. బడి సంగతి మాత్రం వదలను. ఆ పిల్లాడి ప్రశ్నకు జవాబు నాకు పక్క క్లాసు మేడమ్ దగ్గర దొరికింది. ఆవిడ కిరాణా కొట్టు తక్కెడ తెచ్చి, రెండు వైపులా గోళీలు పోసి, అటు మూడు తీస్తే ఇటూ మూడు తీయాలి, లేకపోతే ఒరిగిపోతుందని పిల్లల చేతే చేయించారు. నేను కిటికీ బయట నిలబడి చూశాను. అప్పటికి ఆ పిల్లాడు పదో తరగతి కూడా దాటిపోయాడు. బీఈడీలో ఉన్నప్పుడే అలాంటి టీచర్ వెనక మూడు నెలలు కూర్చోబెడితే రెండేళ్ల కోర్సు చాలు. కాలేజీకి అనుమతి ఇచ్చేటప్పుడు ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) వాళ్లు గదుల కొలతలతో పాటు, మీ విద్యార్థులు ఏ బడిలో, ఏ టీచర్ దగ్గర నేర్చుకుంటారో చూపించండి అని అడగాలి.