సమస్యాపూరణం: తీగ వదులైన నాదమ్ము తీవ్రమయ్యె

నిర్వాహకుడు (చెన్నై): ఛందస్సు తేటగీతి. పై పాదమే సమస్య. వీణ, తంబుర పక్కన పెట్టి ఎలక్ట్రిక్ గిటారు ట్రెమొలో బ్రిడ్జి (తీగలు ఆనే పలక, దానికున్న బారు ఊపితే శ్రుతి మారుతుంది) మీదే పూరించాలి. యతి ఒక్కటే కాదు, మెకానిజం కూడా దిద్దుతాం.

పెరంబూరు నుంచి:

మంద్ర తీగను దింపగ మరను తిప్పి
బ్రిడ్జి వెనుకకు వాలును బిగువు తగ్గి
మిగులు నైదును బిగియగ మీటి చూడ
తీగ వదులైన నాదమ్ము తీవ్రమయ్యె

టి.నగర్ నుంచి: భలే విడదీశారండీ. ఫ్లోటింగ్ బ్రిడ్జి అంటే తక్కెడ. ఒక పక్క ఆరు తీగలు, మరో పక్క వెనకున్న స్ప్రింగులు. ఆరో తీగ 'ఇ' స్వరం నుంచి 'డి'కి దించగానే స్ప్రింగులది పైచేయి, మిగతా ఐదూ పైకి పోతాయి. 'వాలును' బదులు 'వాలెను' అంటే 'అయ్యె'తో కాలం కుదురుతుంది. తరచూ 'డి'కి దించేవాళ్లు బ్రిడ్జి దిమ్మకూ (పలక కింద బాడీలోకి దిగే లోహపు ముక్క) మెడ వైపు గోడకూ మధ్య చెక్కముక్క బిగిస్తే చాలు. బారు కిందికి నొక్కవచ్చు, పైకి లాగడం మాత్రం పోతుంది.

అడయారు నుంచి:

బారు నొక్కిన పిమ్మట వదలి చూడ
గాడి పొడిబారి నూనెయే కరవుకాగ
నట్టు పట్టెను వెనుకకు నడువనీక
తీగ వదులైన నాదమ్ము తీవ్రమయ్యె

నిర్వాహకుడు: నాకు ఇదే ఎక్కువ నచ్చింది. బారు నొక్కినప్పుడు తీగ సడలి కొంత ట్యూనర్ (తీగ బిగించే మర) వైపు జారుతుంది. వదిలాక నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడి పట్టేస్తే ఆ కొంత వెనక్కి రాదు, అందుకే శ్రుతి ఎక్కువై ఆగుతుంది. పైకి లాగి వదిలితే ఇదే తిరగబడి శ్రుతి తగ్గుతుంది. తప్పు నూనె దగ్గరుంది. నూనె దుమ్ము పట్టి గాడిలో జిగురవుతుంది. మెత్తని పెన్సిల్ గ్రాఫైట్ రుద్దాలి. గురులఘువులు మారవు కాబట్టి గణం చెడదు: 'గాడి పొడిబారి పెన్సిలే కరవుకాగ'. 9 సెట్ (అతి సన్న తీగ 0.009 అంగుళం) తీసి 10 సెట్ (0.010) వేశాక ఈ పట్టు ఎక్కువైతే గాడి ఇరుకైందన్నమాట, సన్నని ఆకురాయితో వెడల్పు చేయాలి, లోతు కాదు.

బెసెంట్ నగర్ నుంచి:

వెనుక నైదవ స్ప్రింగును పెట్టినంత
బ్రిడ్జి చెక్కకు హత్తుకు బిగిసిపోయె
మెత్తనైనట్టి బారేమొ గట్టిపడగ
తీగ వదులైన నాదమ్ము తీవ్రమయ్యె

టి.నగర్ నుంచి: మూడో పాదంలో యతి తప్పింది, 'మె'కు 'గ' చెల్లదు. 'మెత్తనైనట్టి బారేమొ మిగుల బిగియ' అనండి. అసలు చిక్కు వేరే: ఇక్కడ ఏ తీగా వదులు కాలేదు, సమస్య విడలేదు. విషయం మాత్రం నిజమే. బ్రిడ్జి తేలాలంటే 9 సెట్‌కు మూడు స్ప్రింగులు సాధారణంగా సరిపోతాయి. బ్రిడ్జి పలక వెనక అంచు కింద సుమారు 3.2 మి.మీ. సందు చూసుకోండి. ఎక్కువైతే లోపలి క్లా (స్ప్రింగులు తగిలించే కొక్కేల పట్టీ) స్క్రూలు రెండూ అర చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, అప్పుడు కొలవాలి. శ్రుతి చేయకుండా కొలిచిన కొలతకు విలువ లేదు.

బెసెంట్ నగర్ నుంచి: యతి దిద్దుకున్నానండీ. స్టీల్ దిమ్మ ఉన్న కొత్త బ్రిడ్జి కొనాలి, ఏం చూడాలి?

పెరంబూరు నుంచి: ఆరు స్క్రూల బ్రిడ్జి అయితే మొదటి స్క్రూ నుంచి చివరి స్క్రూకు కొలవండి. 1954 నాటి స్ట్రాటోకాస్టర్ పద్ధతిలో అది 56 మి.మీ. పైచిలుకు, చవక గిటార్లు చాలావాటిలో 52.5. పలుచని బాడీకి పొడుగు దిమ్మ వెనక నుంచి పొడుచుకొస్తుంది, కాబట్టి బాడీ మందమూ కొలవాలి. బిగించేటప్పుడు చివరి రెండు స్క్రూలు పలకకు తాకేదాకా తిప్పి పావు చుట్టు వెనక్కి, మధ్య నాలుగూ ఒకటిన్నర మి.మీ. పైకి. ఆరూ బిగిస్తే బ్రిడ్జి ఊగదు.

టి.నగర్ నుంచి: బెసెంట్ నగర్ వారూ, మీది సముద్రపు గాలి, శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగా ఆనే ముక్క) స్క్రూలు తుప్పు పడతాయి. తుప్పు విడిచే నూనె చుక్క వేసి ఒక రాత్రి ఆగండి. అలెన్ కీ 1.5 మి.మీ.దా, 0.05 అంగుళందా చూసుకోండి. తేడా కీ తిప్పితే స్క్రూ తల అరుగుతుంది. క్లాకు అతికిన ఎర్త్ తీగ ఊడితే హమ్ మొదలవుతుంది. తిరిగి అతకడానికి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలదు, క్లా ఇనుము వేడంతా పీల్చేస్తుంది. 60 వాట్లది తీసుకోండి.